కీమో ఎర్ర మందు చేతిలో లీకైంది, సోమవారం దాకా ఆగొచ్చా?

ప్రశ్న:
అమ్మకు రొమ్ము క్యాన్సర్. ఎడమవైపు ఆపరేషన్ అయింది కాబట్టి సూది కుడి చేతికే. నిన్న రెండో కీమో. ఎర్ర మందు, అదే అడ్రియామైసిన్, ఎక్కుతుండగా "మంటగా ఉందే" అంది. మామూలే అనుకుని "కాస్త ఓర్చుకో అమ్మా" అన్నాను. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటోంది. చూసేసరికి అరచేతి వెనక, కాన్యులా (నరంలో ఉంచే సన్నని గొట్టం) పక్కనే, రూపాయి బిళ్ళంత ఉబ్బు. సిస్టర్ మందు ఆపి, సూది తీసి, ఐస్ పెట్టి పంపేశారు. ఇవాళ కందిపోయింది, ముట్టుకోనివ్వడం లేదు. పిన్ని వేడి కాపడం పెట్టమంటోంది. డాక్టర్‌గారు సోమవారం వస్తారట.

జవాబు 1:
ఆగకండి. పదకొండేళ్లుగా కీమో వార్డులో నర్సుగా ఉన్నాను, అందుకే చెబుతున్నా. ఇవాళే ఎమర్జెన్సీకి వెళ్లి "అడ్రియామైసిన్ నరం బయటికి పోయింది" అని ఆ మాటే చెప్పండి. సర్జన్‌కి చూపించమనండి.

వేడి కాపడం మాత్రం వద్దు. విన్‌క్రిస్టిన్ లాంటి వేరే కీమో మందులు లీకైతే వేడి పెడతాం, ఎర్ర మందుకు చల్లదనమే. పల్చటి గుడ్డలో ఐస్ చుట్టి 15-20 నిమిషాల చొప్పున, రోజుకు నాలుగుసార్లు. రుద్దొద్దు, నొక్కొద్దు. చెయ్యి దిండు మీద ఎత్తి పెట్టండి. ఉబ్బు అంచు వెంట బాల్‌పెన్నుతో గీత గీసి, పక్కన టైమ్ రాసి, ఫోటో తీయండి. రేపటికి గీత దాటిందో లేదో డాక్టర్‌కి కళ్లకు కనిపిస్తుంది.

ఈ మందు కణం లోపల డీఎన్‌ఏను పట్టుకుంటుంది. ఆ కణం చచ్చాక బయటపడి పక్కదాన్ని పట్టుకుంటుంది. అందుకే చిన్న ఉబ్బు వారాల తరబడి పెరిగి పుండు అవుతుంది. దీనికి విరుగుడు డెక్స్‌రజోక్సేన్ ఇంజెక్షన్. మందు లీకైన 6 గంటల్లోపు మొదలుపెట్టి మూడు రోజులు ఇవ్వాలి. మీకు ఆ టైమ్ దాటింది. డీఎంఎస్‌ఓ అనే పూత మందు పనికొస్తుందేమో డాక్టర్‌నే అడగండి, సొంతంగా రాయకండి.

ఇంకోటి. మేమైతే సూది వెంటనే తీయం. మందు ఆపి, అదే సూదికి ఖాళీ సిరంజి పెట్టి, లోపల మిగిలింది వెనక్కి లాగాకే తీస్తాం. ఈసారి మంట అనగానే ఆపించండి.

జవాబు 2:
మా నాన్నకూ ఇలాగే జరిగింది. మొదటి వారం కాస్త ఎరుపే కదా అని ఊరుకున్నాం. మూడో వారానికి నల్లబడి తెరుచుకుంది, చివరికి తొడ చర్మం తెచ్చి అతికించారు. తర్వాతి కీమోలన్నీ ఛాతీలో పెట్టిన పోర్ట్ నుంచే (చర్మం కింద అమర్చి, పెద్ద నరంలోకి మందు పంపే చిన్న పరికరం). మీరూ పోర్ట్ గురించి అడగండి అక్కా.

ప్రశ్న అడిగినవారు:
వెళ్లొచ్చాం. సర్జన్ చూశారు, రెండు రోజులకోసారి రమ్మన్నారు. గీత ఒకవైపు గోరంత దాటింది, బొబ్బ లేదు. మూడో కీమో వాయిదా వేసి, ముందు పోర్ట్ పెడతామన్నారు. సిస్టర్‌గారూ, పోర్ట్‌లోనూ లీకయ్యే అవకాశం ఉంటుందా?

జవాబు 1:
తక్కువే, కానీ ఉంటుంది. ప్రతిసారీ మందు ఎక్కించే ముందు సిరంజిలోకి రక్తం వెనక్కి వస్తోందో లేదో చూస్తారు. మీరూ పక్కనే నిలబడి చూడండి. రాకపోతే మొదలుపెట్టనివ్వకండి.