తుఫాను ముందు ఇల్లు కదలనన్నవాళ్లను ఎత్తుకొచ్చెయ్యాలా?

ఉప్పుగాలి (చర్చ మొదలుపెట్టినవారు):
కోస్తాలో ఒక స్వచ్ఛంద సంస్థలో ఆరేళ్లుగా పనిచేస్తున్నాను. కాగితాల మీద మా పనికి పెద్ద పేర్లున్నాయి: ప్రజా భాగస్వామ్యం, ప్రవర్తనలో మార్పు, ఇలా. ఊళ్లో మాత్రం నన్ను 'మీటింగులమ్మాయి' అంటారు.

ఒక తుఫానుకి కరకట్ట అవతల పాకలు ఖాళీ చేయించే పని మా మీద పడింది. తీరం దాటడానికి ఇంకా తొమ్మిది గంటలుంది. అరవై ఇళ్లకు యాభై పైచిలుకు కదిలాయి. ఒక మామ్మ మాత్రం రానంటే రానంది. చివరికి ఇద్దరు పోలీసులు రెక్కలు పట్టుకుని వ్యాను ఎక్కించారు. ఆ తుఫాను దిశ మార్చుకుని ఎక్కడో దాటింది. మాకు గట్టి వాన తప్ప ఏమీ లేదు. మామ్మ తిరిగొచ్చేసరికి కట్టేసి ఉన్న మేకల్లో రెంటిని కుక్కలు తినేశాయి.

మరుసటి ఏడాది మళ్లీ హెచ్చరిక వచ్చింది. వెళ్లి చూస్తే ఆమె పాక ఖాళీగా ఉంది. ఈసారి తనే షెల్టర్‌కి వెళ్లిపోయిందనుకుని సంతోషించాం, లిస్టులో టిక్కు కూడా పెట్టాం. తెల్లారాక తెలిసింది, మేం వస్తున్నామని మేకల్ని తోలుకుని సరుగుడు తోటలో దాక్కుందని. ఆ గాలికి సరుగుడు చెట్లు ఎలా విరుగుతాయో తెలిసినవాళ్లకు చెప్పనక్కర్లేదు.

అందుకే అడుగుతున్నా. బలవంతంగా తరలించడం సరైనదేనా? నాకైతే కాదనిపిస్తోంది. కానీ ఆ మొదటిసారి నిజంగా ఉప్పెన వచ్చి ఉంటే ఇలా అడిగేదాన్నా అని కూడా అనిపిస్తోంది.

పాత_రెవెన్యూ:
అమ్మా, మీ బాధ అర్థమైంది. నేను 1996 నవంబరు 6 తుఫాను తర్వాత కోనసీమలో డ్యూటీ చేసినవాణ్ణి. ఏం డ్యూటీయో వివరంగా రాయను, శవాలు ఉబ్బిపోయాక మొహాలు తెలియవు, అంతే. ఆ ఒక్క రాత్రిలో వెయ్యి మందికి పైగా పోయారు.

లెక్కలు చూడండి. 1977లో దివిసీమలో 10 వేలకు పైగా మరణాలు. 1990 మే తుఫానుకి లక్షన్నర మందికి పైగా ముందే తరలించారు, మరణాలు వెయ్యి లోపే ఆగాయి. ఒడిశాలో 1999లో దాదాపు 10 వేల మంది పోయారు. అదే ఒడిశాలో 2013 ఫైలిన్‌కి సుమారు 10 లక్షల మందిని లేపారు, మరణాలు 50 దాటలేదు. తేడా ఎక్కడుంది? మనుషుల్ని ఇళ్లలోంచి లేపడంలో. 2005 విపత్తు నిర్వహణ చట్టం 51వ సెక్షన్ ప్రకారం అధికారుల ఆదేశం పాటించనంటే ఏడాది వరకు జైలు వెయ్యొచ్చు. ఊరికే పెట్టారా ఆ సెక్షను? మేకలు పోయాయి, మామ్మ మిగిలింది. నా దృష్టిలో ఆ రోజు మీ పని సక్సెస్.

పలచటి_మజ్జిగ:
మేకలకి డబ్బులిచ్చారా సార్?

పాత_రెవెన్యూ:
పోస్ట్‌మార్టం రిపోర్టు ఉంటే ఇస్తారు.

పలచటి_మజ్జిగ:
కుక్కల కడుపులో ఉన్న మేకకి పోస్ట్‌మార్టం. నోట్ చేసుకున్నాను.

దిబ్బమీద_ఇల్లు:
మాది నాగాయలంక వైపు. మా నాయనమ్మ 1977 నవంబరు 19న తాటిచెట్టు పట్టుకుని బతికింది. చీర కొంగుతో చెట్టుకి కట్టుకుందట. ఆవిడ తోడికోడలూ, ఆమె ముగ్గురు పిల్లలూ పోయారు.

జనం మాట వినలేదని దివిసీమ గురించి చాలామంది అనేస్తారు. ఆ రోజుల్లో రేడియోలో తుఫాను అని చెప్పారు సరే, ఎక్కడికి వెళ్లమన్నారు? మా ఊళ్లో పక్కా భవనం బడి ఒక్కటే, అదీ రెండు గదులు. వెళ్లే చోటు లేనివాణ్ణి మొండివాడు అనకూడదు గదండీ.

రెవెన్యూ గారూ, ఫైలిన్ లెక్క సగమే చెప్పారు. 1999 తర్వాత అక్కడ షెల్టర్లు కట్టారు, ఊరి కమిటీలు వేశారు, ఏటా డ్రిల్లులు చేయించారు. పద్నాలుగేళ్లు పట్టింది. చివరి ఒక్క రోజు చూసి, చూశారా లేపితే లేచారు అంటే ఎలా?

వెరావల్_తమ్ముడు:
శ్రీకాకుళం జిల్లా అండి, ఇప్పుడు గుజరాత్‌లో బోటు మీద. మా వాళ్లు ఎందుకు కదలరో చెప్తాను, తిట్టకండి.

బోటు మీద అప్పు ఉంటుంది. ఇంజను అప్పు, వలల అప్పు, అన్నీ షావుకారు దగ్గరే, పట్టిన చేప ఆయనకే అమ్మాలి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, ఆ రెండు నెలలు తిండికి మళ్లీ అప్పు. తుఫానుకి బోటు పోతే అప్పు పోదు కదా. అందుకని గాలి పెరిగేకొద్దీ తాళ్లు బిగించడానికీ సదరడానికీ ఇంటికొక మగాడు ఒడ్డునే ఉంటాడు. అధికారులు మైకులో 'ప్రాణం ముఖ్యం' అంటుంటే మా నాన్న నవ్వుతాడు. ప్రాణం విలువ మాకు తెలీదా, రోజూ సముద్రంలోకి వెళ్లేవాళ్లం.

బోట్లు పైకి లాగడానికి రెండు రోజుల ముందు నాలుగు ట్రాక్టర్లు పంపండి. మనుషులు వాటి వెనకాలే వస్తారు. వ్యాన్ల కన్నా ట్రాక్టర్లు ముందు రావాలి. అది చెప్పడానికి మీటింగ్ కూడా అక్కర్లేదు, మా కులపెద్దలకి చెప్తే అరగంటలో ఊరంతా కదుల్తుంది.

అట్లతద్ది:
తమ్ముడూ, ట్రాక్టర్ల సంగతి నూటికి నూరు పాళ్లు ఒప్పుకుంటా. పెద్దల సంగతే కొంచెం ఆగు. మా వైపు కాలవగట్ల మీద యానాదుల ఇళ్లు ఉంటాయి. వాళ్లు ఏ పెద్ద మాట కిందా లెక్కలోకి రారు. చాలామందికి డోరు నంబరు లేదు, ఫోనుకి మెసేజ్ వచ్చినా చదివేవాళ్లు తక్కువ. దండోరా ఊళ్లో వేస్తారు, గట్టు దాకా రారు. 'ఊరి పెద్దలతో మాట్లాడాం' అని రిపోర్టు రాసుకునే సంస్థలన్నీ ఈ గట్టు మీద ఒక్కసారి నడవాలి. సొంత సంస్థని కూడా కలిపే అంటున్నా.

మన్రోవియా_డైరీ:
విషయం కొంచెం పక్కకి వెళ్తుంది, క్షమించండి. ఎబోలా సమయంలో లైబీరియాలో నీళ్లు, పారిశుధ్యం పని చేశాను. 2014 ఆగస్టులో అక్కడి రాజధాని మన్రోవియాలో వెస్ట్ పాయింట్ అనే పెద్ద మురికివాడని పోలీసులూ సైన్యమూ చుట్టుముట్టి మూసేశారు. జనం తిరగబడ్డారు, కాల్పులు జరిగాయి, ఒక కుర్రాడు చనిపోయాడు. పది రోజులకే ఎత్తేయాల్సి వచ్చింది. పక్కన సియెరా లియోన్‌లో రోగిని దాచిపెడితే 2 ఏళ్ల జైలని చట్టం చేశారు.

నాకు అన్నిటికన్నా గుర్తున్నది దహనాల గొడవ. శవాన్ని కడిగే ఆచారం వల్ల జబ్బు అంటుకుంటోందని మన్రోవియాలో శవాలన్నీ కాల్చెయ్యాలని ఆర్డరు వేశారు. నాకు మొదట్లో అందులో తప్పే కనిపించలేదు. మనకి కాల్చడం మామూలే కదా! కానీ అక్కడ మార్చిలో ఒక పండగ ఉంటుంది, ఆ రోజు అందరూ సమాధులకు వెళ్లి కడిగి, సున్నం వేసి, పూలు పెడతారు. కాల్చేస్తే వెళ్లడానికి సమాధే ఉండదు. ఆ భయంతో జబ్బుపడ్డవాళ్లని ఇళ్లలో దాచారు, శవాలని రాత్రిళ్లు రహస్యంగా పూడ్చారు. మీ మామ్మ సరుగుడు తోటలోకి వెళ్లినట్టే. ఆ ఏడాది చివర్లో నగరం బయట స్థలం తీసుకుని పూడ్చడం మొదలుపెట్టారు. కుటుంబం దూరంగా నిలబడి చూడొచ్చు, పాస్టరో ఇమామో ప్రార్థన చేయొచ్చు, సమాధి మీద పేరు ఉంటుంది. అప్పటినుంచి వాళ్లే ఫోన్ చేసి పిలవడం నా కళ్లతో చూశాను.

పాత_రెవెన్యూ:
మంచి విషయం చెప్పారు. కానీ అంటువ్యాధికి నెలల టైముంటుంది. తప్పు చేసి దిద్దుకోవచ్చు. తుఫానుకి తొమ్మిది గంటలు. ఆ తొమ్మిది గంటల్లో ఆమె మనోభావాలు కనుక్కుంటూ కూర్చోమంటారా?

మన్రోవియా_డైరీ:
అది నిజమేనండి. ఆ పోలికలో నా దగ్గర జవాబు లేదు.

దిబ్బమీద_ఇల్లు:
తొమ్మిది గంటలు ఒక తుఫానుకి. ఒక తుఫానుకీ ఇంకోదానికీ మధ్య ఏడాది ఉంటుంది కదండీ. అప్పుడు ఎవరూ రారు.

రెండు_రాత్రులు:
ఇంతసేపూ ఆడవాళ్ల సంగతి ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేనే ఎత్తుతున్నా. నేను షెల్టర్‌లో రెండు రాత్రులు గడిపాను, పన్నెండేళ్ల మా అమ్మాయితో. మూడొందల మందికి రెండు మరుగుదొడ్లు. ఒకదానికి గడియ లేదు. కరెంటు పోయింది. తాగొచ్చిన ఇద్దరు మగాళ్లు మా పక్కనే పడుకున్నారు. మా అమ్మాయికి ఆ రోజే నెలసరి వచ్చింది. రాత్రంతా నేను నిద్రపోలేదు, తను ఏడుస్తూనే ఉంది. మళ్లీ హెచ్చరిక వస్తే నేను వెళ్తానా? మా ఆయన్ని వెళ్లమని, మేమిద్దరం పక్కవాళ్ల డాబా మీదకి ఎక్కుతాం.

బంగ్లాదేశ్‌లో 1991 తుఫానుకి లక్షా 38 వేల మంది పోతే మగవాళ్ల కన్నా ఆడవాళ్లే చాలా ఎక్కువ. భర్త రాకుండా కదలకూడదని కొందరు, పరాయి మగాళ్ల మధ్య ఎలా ఉండాలని కొందరు ఇళ్లలోనే ఆగిపోయారు. ఇప్పుడు అక్కడ తుఫాను వాలంటీర్లలో సగం మంది ఆడవాళ్లు. జెండాలూ మైకులూ పట్టుకుని ఇంటింటికీ వాళ్లే వెళ్తారు. పొరుగింటావిడ పిలిస్తే వెళ్లడం వేరు, ఖాకీ చొక్కా పిలిస్తే వెళ్లడం వేరు.

ఇంకో మాట. 'ప్రవర్తనలో మార్పు' అనే మాటే నాకు నచ్చదు. ముందు మరుగుదొడ్డి గడియ మార్చండి.

పలచటి_మజ్జిగ:
ఈ చివరి లైను ఫ్రేము కట్టించుకుంటా అక్కా.

ఉప్పుగాలి:
అందరికీ థాంక్స్. రెవెన్యూ గారితో ఒకటి ఒప్పుకుంటున్నా: చివరి గంటల్లో, ఉప్పెన ఖాయం అన్నప్పుడు, నేను కూడా ఎత్తుకొస్తాను. తర్వాత ఆమె నన్ను శాపనార్థాలు పెట్టినా సరే. కానీ ఎత్తుకొచ్చినవాళ్లు తర్వాత మళ్లీ ఆ గుమ్మానికి వెళ్లాలి, మేకల సంగతి తేల్చాలి. మేం వెళ్లలేదు. పోలీసులూ వెళ్లలేదు.

మీరంతా రాసింది చదివాక నిన్న మామ్మ దగ్గరికి వెళ్లాను. ఆరేళ్లలో మొదటిసారి, చేతిలో ఏ కాగితమూ లేకుండా. మేకల గురించి అడుగుతానని అనుకుని వెళ్తే ఆవిడ వేరే కథ చెప్పింది. మేమెవరం ఆ ఊరికి రాకముందు ఒక తుఫానుకి ఆమె తనంతట తనే మనవణ్ణి ఎత్తుకుని షెల్టర్‌కి వెళ్లిందట. ఇంకో పదిమంది కూడా వచ్చారట. తాళం వేసి ఉంది. రాత్రి ఒంటిగంట దాకా మెట్ల మీద తడుస్తూ కూర్చుని వెనక్కి వచ్చేశారు. మనవడికి న్యుమోనియా చేసింది, బతికాడు. "అప్పుడు వస్తానంటే తలుపు లేదు, ఇప్పుడు రానంటే పోలీసులా" అంది.

రెవెన్యూ గారూ, షెల్టర్ తాళం మామూలుగా ఎవరి దగ్గర ఉంటుంది?

పాత_రెవెన్యూ:
మా టైములో నా దగ్గరే ఉండేదమ్మా. షెల్టర్ లోపల వడ్ల బస్తాలు పెట్టుకుంటున్నారని కంప్లయింట్లు వస్తే తాళం వేయించాం. నేను ఉండేది మండల కేంద్రంలో. అక్కణ్ణుంచి షెల్టర్‌కి పద్నాలుగు కిలోమీటర్లు, మధ్యలో ఒక కాజ్‌వే. వాన ఎక్కువైతే మొదట మునిగేది అదే.

అట్లతద్ది:
మా దగ్గర ఇప్పుడు రెండు తాళంచెవులు. ఒకటి ఊరి సచివాలయంలో, ఒకటి షెల్టర్ పక్కింట్లో బడ్డీకొట్టు నడిపే ఆవిడ దగ్గర. రెండోది ఇప్పించుకోవడానికి మూడేళ్లు తిరిగాం.

ఉప్పుగాలి:
ఆ అర్జీ ఎవరికి పెట్టారో, ఏం రాశారో నాకు పంపగలరా? సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకునే చోటికి వెళ్తున్నాను. మామ్మ కూడా వస్తానంది, మేకల్ని ఎవరైనా చూసుకుంటే.