అప్‌డేట్: లియొనార్డో పేరుతో వచ్చిన అవార్డు మెయిల్

పోయిన నెల అడిగాను కదా, లియొనార్డో డావించి పేరు మీద ఇటలీలో ఇచ్చే అంతర్జాతీయ కళా పురస్కారానికి నా వాటర్‌కలర్‌ని ఎంపిక చేశామని మెయిల్ వచ్చింది, నమ్మవచ్చా అని. ఆ సంగతి తేలింది.

ట్రోఫీకి, కేటలాగ్‌లో రెండు పేజీలకు కలిపి 290 యూరోలు కట్టాలట. జ్యూరీలో ఎవరున్నారని రెండుసార్లు అడిగాను. జవాబు లేదు గానీ, "ఆఖరి తేదీ పొడిగించాం" అని మాత్రం మూడు మెయిళ్లు పంపారు! అక్కడే అర్థమైంది. కట్టలేదు.

మీలో ఒకరు చెప్పినట్టు, లియొనార్డో పేరుతో వేరే అవార్డు ఉంది. 1982లో మెక్సికోలో పుట్టిన వరల్డ్ కల్చరల్ కౌన్సిల్ 1989 నుంచి లియొనార్డో డావించి వరల్డ్ అవార్డ్ ఆఫ్ ఆర్ట్స్ ఇస్తోంది, అదీ రెండేళ్లకోసారి. నాకు వచ్చిన మెయిల్‌కీ దానికీ సంబంధం లేదు. నేను రెండూ ఒకటే అనుకున్నాను, తప్పు నాదే. 1519లో పోయిన మనిషి పేరు ఎవరైనా వాడుకోవచ్చు, అడిగేవాళ్లెవరు?

ఈ గొడవలో లియొనార్డో గురించి కాస్త చదివాను. మిలాన్‌లో ఆయన తలపెట్టిన పెద్ద గుర్రం విగ్రహానికి తెచ్చిన కంచు 1494లో ఫిరంగులకు పోయింది. మట్టి నమూనాని 1499లో ఫ్రెంచి విలుకాళ్లు గురి చూసి కొట్టి పాడుచేశారు. పాపం, ఏళ్ల శ్రమ.

అమ్మకి మాత్రం ఇంకా అనుమానమే: "కడితే నిజంగా ఇచ్చేవాళ్లేమోరా?" ఇచ్చేవాళ్లేనమ్మా, కట్టిన అందరికీ.