చిన్న యంత్రభాగాల తనిఖీకి లూప్ సరిపోతుందా, మైక్రోస్కోప్ తీసుకోవాలా?

ప్రశ్న

అందరికీ నమస్కారం. డయల్ గేజీలు, చిన్న గేర్‌బాక్సులు, చేతిగడియారాల యంత్రాలు విప్పి బాగుచేయడం నా పని. ఇరుసు కొన అరిగిందా, గేరు పంటి అంచున బర్ (కోసినప్పుడు లేచిన లోహపు ముల్లు) మిగిలిపోయిందా, బాల్ బేరింగు గాడిలో గుంటలు పడ్డాయా అన్నది తిరిగి బిగించే ముందే తెలుసుకోవాలి. గడియారపు పివట్లలో (చక్రాల ఇరుసుల సన్నని కొనల్లో) కొన్నింటి వ్యాసం 0.1 మి.మీ.కు అటూ ఇటూగా ఉంటుంది. నా దగ్గర 10 రెట్ల లూప్ (కంటి దగ్గర పెట్టుకుని చూసే చిన్న భూతద్దం) ఒక్కటే ఉంది. దానితో చూసేటప్పుడు భాగాన్ని ముఖానికి ఆనించినంత దగ్గరగా తేవలసి వస్తోంది. పట్టకారు పెట్టడానికి చోటు ఉండదు. ఒక అంచు స్పష్టంగా కనబడితే రెండో అంచు మసకబారుతుంది.

కంప్యూటరుకు తగిలించే డిజిటల్ మైక్రోస్కోపుల మీద 1000 రెట్లు, 1600 రెట్లు అని రాసి ఉంటోంది. రెండు కళ్లతో చూసే స్టీరియో మైక్రోస్కోపులేమో 45 రెట్ల దగ్గర ఆగిపోతున్నాయి, ఖరీదు మాత్రం వాటికే ఎక్కువ. ఈ తేడా ఎందుకో, నా పనికి ఏది నప్పుతుందో చెప్పగలరా? నేను కళ్లద్దాలు వాడతాను.

మొదటి సమాధానం

ఎన్ని రెట్లు అన్న ప్రశ్న కన్నా ముందు, లెన్సుకూ భాగానికీ మధ్య ఎంత ఖాళీ కావాలో తేల్చుకోండి. సాధారణ భూతద్దాలకు ఒక సూటి లెక్క ఉంది: 250 మి.మీ.ను లెన్సు నాభ్యంతరంతో (ఫోకల్ లెంగ్త్‌తో) భాగిస్తే ఎన్ని రెట్లో వస్తుంది. అంటే 10 రెట్ల లూప్ నాభ్యంతరం 25 మి.మీ.; భాగం కూడా దాదాపు అంతే దూరంలో ఉండాలి. 5 రెట్ల లూప్‌కు 50 మి.మీ., 3 రెట్ల దానికి 80 మి.మీ. పైచిలుకు దొరుకుతుంది. మీ ఇబ్బందికి కారణం మీ లూప్ నాసిరకం కావడం కాదు, ఆ కొలతకు ఏ లూప్ అయినా అంతే. అందువల్ల విప్పడానికీ బిగించడానికీ 3 నుంచి 5 రెట్ల కంటి లూప్ గాని, తలకు పెట్టుకునే భూతద్దం గాని వాడి, 10 రెట్ల దాన్ని చేతిలో పట్టుకుని చూసే తనిఖీకి మాత్రమే ఉంచుకోండి. ఆ 10 రెట్లది మూడు కటకాలు అతికించిన ట్రిప్లెట్ రకమైతే అంచుల్లో రంగుల చారలు, వంపులు బాగా తగ్గుతాయి.

స్టీరియో మైక్రోస్కోప్ విలువ తెలిసేది ఇక్కడే. 7 నుంచి 45 రెట్ల సాధారణ జూమ్ నమూనాలో ఏ స్థాయిలో చూసినా భాగానికీ లెన్సుకూ మధ్య సుమారు 100 మి.మీ. ఖాళీ మారకుండా ఉంటుంది. కింద 0.5 రెట్ల అదనపు లెన్సు బిగిస్తే ఆ ఖాళీ దాదాపు రెట్టింపవుతుంది, ఆవర్ధనం (ఎన్ని రెట్లు పెద్దగా కనబడుతుందన్నది) సగానికి తగ్గుతుంది. రెండు కళ్లతో చూస్తాం కాబట్టి లోతు తెలుస్తుంది. బర్ పైకి లేచి ఉందో, అది పక్కనున్న గీత మాత్రమేనో ఒంటికంటి లూప్‌తో తేల్చడం కష్టం. మీరు చెప్పిన పనికి నా ఓటు నిస్సందేహంగా దీనికే.

కళ్లద్దాల విషయానికొస్తే, కంటిని కాస్త దూరంగా ఉంచి చూడగలిగే హై ఐపాయింట్ ఐపీసులు (కంటివైపు లెన్సులు) ఉన్న నమూనానే అడగండి. ఐపీసు మీది డయాప్టర్ వలయం హ్రస్వదృష్టినీ దీర్ఘదృష్టినీ సరిచేస్తుంది గాని సిలిండర్ పవరును సరిచేయదు. అది ఉన్నవారు అద్దాలు పెట్టుకునే చూడాలి. ముందు అత్యధిక జూమ్‌లో ఫోకస్ చేసి, తర్వాత అత్యల్ప జూమ్‌కు వచ్చి, ఫోకస్ మరలు తిప్పకుండా డయాప్టర్ వలయాలతోనే ఒక్కో కంటికీ స్పష్టత తెచ్చుకుంటే, ఆపైన జూమ్ ఎంత మార్చినా ఫోకస్ చెదరదు.

రెండవ సమాధానం

పై సలహాతో ఏకీభవిస్తూ, 1600 రెట్ల సంగతి వివరిస్తాను. తెర మీద కనబడే ఆవర్ధనం తెర పరిమాణాన్ని బట్టి మారుతుంది. 5 మి.మీ. వెడల్పున్న ప్రాంతం 500 మి.మీ. వెడల్పున్న తెరను నింపితే అది 100 రెట్లు; అంతకు రెండింతల తెర పెడితే 200 రెట్లు. చిత్రం పెద్దదైంది, కొత్త వివరం ఒక్కటీ చేరలేదు. ఎంత సూక్ష్మమైన వివరం విడివిడిగా కనబడుతుందన్నది లెన్సు ఎంత వెడల్పైన కాంతి శంకువును అందుకుంటుందన్న దాని మీద, అంటే న్యూమరికల్ అపెర్చర్ మీద ఆధారపడుతుంది. అది 0.1 ఉన్న లెన్సు ఆకుపచ్చ కాంతిలో సుమారు 3 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మి.మీ.లో వెయ్యో వంతు) కన్నా దగ్గరగా ఉన్న రెండు గీతలను వేరుచేయలేదు. అలాంటి లెన్సు నుంచి పనికొచ్చే ఆవర్ధనం 100 రెట్ల లోపే. ఆ పైన రాసే అంకెలన్నీ మసకను సాగదీసినవే. కొనేముందు ఎన్ని రెట్లు అని కాకుండా, ఎంత వెడల్పు ప్రాంతం కనబడుతుంది, ఎంత దూరం నుంచి కనబడుతుంది అని అడగండి.

అలాగని డిజిటల్ పరికరాన్ని తీసిపారేయను. అరుగుదల ఫొటో తీసి దాచుకోవడానికి, మరొకరికి చూపించడానికి దానికి సాటి లేదు. అయితే తెర మీద లోతు తెలియదు, కొన్నింటిలో చెయ్యి కదిలాక చిత్రం ఆలస్యంగా కదులుతుంది, కనుక దాని కింద పట్టకారుతో పని చేయడం అలసట కలిగిస్తుంది. కెమెరా కోసం మూడో గొట్టం ఉన్న ట్రైనాక్యులర్ స్టీరియో తీసుకుంటే ఈ రెండు అవసరాలూ ఒకేచోట తీరతాయి.

మూడవ సమాధానం

వెలుతురు గురించి ఎవరూ చెప్పలేదు. నా అనుభవంలో లోపం కనబడకపోవడానికి ఎక్కువసార్లు అదే కారణం. మైక్రోస్కోపుతో పాటు వచ్చే రింగ్ లైటు గేరు పళ్లకు బాగుంటుంది గాని, నున్నటి ఇరుసు మీద ఆ దీపాల చుక్కలే మెరుస్తూ, చూడవలసిన గీతను కప్పేస్తాయి. దీపానికీ భాగానికీ మధ్య ట్రేసింగ్ కాగితం అడ్డుపెట్టి కాంతిని మెత్తబరచండి. గీతలు, బర్ వెతకాలంటే ఒకే దీపాన్ని పక్కనుంచి, దాదాపు నేలబారుగా వేయండి. కాంతి దిశకు అడ్డంగా ఉన్న గీతే నీడ పడి తేలుతుంది. దానికి సమాంతరంగా ఉన్నది కనబడదు. కాబట్టి భాగాన్ని నెమ్మదిగా ఒక చుట్టు తిప్పుతూ చూడటం తప్పనిసరి. పివట్‌ను వెనుకనుంచి తెల్లటి కాంతి పడేలా పెడితే నల్లని ఆకృతిగా కనబడి, మధ్యలో పడిన గాడి, కొన దగ్గర సన్నబడటం వెంటనే తెలిసిపోతాయి. బేరింగు గాడిని మాత్రం నూనె పూర్తిగా కడిగాకే చూడండి. పలుచని నూనె పొర చిన్న గుంటలను నింపి దాచేస్తుంది.

ప్రశ్న అడిగినవారు

చాలా స్పష్టత వచ్చింది, ముగ్గురికీ ధన్యవాదాలు. ట్రైనాక్యులర్ స్టీరియో, 0.5 రెట్ల అదనపు లెన్సు, విడిగా ఒక పక్క దీపం తీసుకుంటాను. ఐపీసులో కొలగీతలున్న రెటికల్ వేసుకుంటే పివట్ వ్యాసం కూడా దానితోనే కొలవవచ్చా?

మొదటి సమాధానం ఇచ్చినవారు

అరుగుదల ఎంత పొడవున ఉంది, గుంట ఎంత వెడల్పు అన్నంతవరకు కొలవవచ్చు. 1 మి.మీ.ను 100 భాగాలు చేసిన గాజు కొలబద్దను (స్టేజ్ మైక్రోమీటరును) కింద పెట్టి, మీరు వాడే ప్రతి జూమ్ స్థానంలోనూ రెటికల్ గీత విలువ ఎంతో ముందుగా రాసి పెట్టుకోండి. జూమ్ మరకు క్లిక్ స్థానాలు ఉంటేనే ఆ విలువ మళ్లీ అదే వస్తుంది. పివట్ వ్యాసం తేల్చడానికి మాత్రం దీన్ని నమ్మవద్దు. ఈ తరగతి స్టీరియోల్లో చాలావాటిలో ఒక్కో కన్ను కొద్దిగా వాలుగా చూస్తుంది, గుండ్రని అంచు కాంతిని బట్టి జరిగినట్టు కనబడుతుంది. 0.1 మి.మీ.లో ఒకటి రెండు మైక్రాన్ల తేడా ముఖ్యమైనప్పుడు మంచి మైక్రోమీటరుతో, వత్తిడి అతి తక్కువగా ఉంచి కొలవండి. ఆకృతి మొత్తం కావాలంటే భాగం నీడను పెద్దదిగా తెర మీద చూపే ప్రొఫైల్ ప్రొజెక్టర్ ఉన్నచోట 50 రెట్ల లెన్సు వేసి చూపించుకోండి.