బైండింగ్ జనరేటర్‌కు నిక్స్ ప్యాకేజీ: క్లాంగ్ దారులు లోపలే పెట్టేద్దామా?

బురుజు_కర్నూలు:
మన తేమ సెన్సార్ లైబ్రరీ సీ హెడర్లు చదివి రస్ట్ బైండింగ్‌లు (రస్ట్ నుంచి ఆ సీ కోడ్‌ను పిలవడానికి కావాల్సిన డిక్లరేషన్లు) రాసిచ్చే జనరేటర్‌ను నిక్స్ అనే ప్యాకేజీ మేనేజర్‌లో ప్యాకేజీ చేస్తున్నాను. అది లోపల లిబ్‌క్లాంగ్ (క్లాంగ్ అనే సీ కంపైలర్‌కు లైబ్రరీ రూపం) వాడుతుంది. నిక్స్ మీద కట్టిన నిక్స్‌ఓఎస్ లినక్స్‌లో, హెడర్లు మామూలుగా ఉండే యూఎస్ఆర్ ఇన్‌క్లూడ్ ఫోల్డరే ఉండదు కాబట్టి మొదటి హెడర్‌కే 'ఎస్‌టీడీడెఫ్ డాట్ హెచ్ దొరకలేదు' అని ఆగిపోతోంది. క్లాంగ్ కమాండ్‌కున్న ర్యాపర్‌కు (అసలు ప్రోగ్రామ్‌ను సరైన సెట్టింగ్‌లతో పిలిచే చిన్న స్క్రిప్ట్) హెడర్ల దారులు తెలుసు, లిబ్‌క్లాంగ్‌ను నేరుగా పిలిస్తే తెలియవు. జనరేటర్‌కూ ఒక ర్యాపర్ పెట్టి, దారులు అందులోనే రాసేద్దామంటాను.

చీనీతోట_అనంత:
వద్దప్పా. నేను జనరేటర్‌ను లైబ్రరీగా బిల్డ్ డాట్ ఆర్ఎస్ (రస్ట్ బిల్డ్ స్క్రిప్ట్) నుంచి పిలుస్తాను. అక్కడ నీ ర్యాపర్ అసలు నడవదు. ఇలాంటిదే ఇంకో జనరేటర్ బైండ్‌జెన్‌కు నిక్స్‌లో రెండూ ఉన్నాయి: కమాండ్‌కు ర్యాపర్, లైబ్రరీగా వాడేవాళ్లకు బైండ్‌జెన్ హుక్. ఆ హుక్ బిల్డ్‌కు ముందే నడిచి లిబ్‌క్లాంగ్ దారినీ హెడర్ల దారులనూ ఎన్విరాన్‌మెంట్‌లో పెడుతుంది. మనకూ హుక్ కావాలి.

బురుజు_కర్నూలు:
కమాండ్ వాడేవాళ్లే ఎక్కువ. ముందు ర్యాపర్.

పెన్నా_గట్టు:
హుక్‌కే నా ఓటు.

కడప_ల్యాబ్:
ఇంత గొడవెందుకు సార్? తయారైన బైండింగ్‌ల ఫైల్‌నే రిపోలో (ప్రాజెక్ట్ కోడ్ ఉండే చోట) పెట్టేస్తే జనరేటరే అక్కర్లేదు కదా.

చీనీతోట_అనంత:
పోయినేడు ఒకాయన అదే చేశాడు. ఆయన ల్యాప్‌టాప్ 64 బిట్. మా తోటలో డ్రిప్ వాల్వులు నడిపే రాస్ప్‌బెర్రీ పై 32 బిట్ సిస్టమ్ మీద ఉంది. సీలో లాంగ్ అనే పూర్ణాంకం ఆయన దగ్గర 8 బైట్లు, మా దగ్గర 4. స్ట్రక్ట్ (కొన్ని విలువలను కలిపి ఉంచే డేటా) సైజు సరిచూసే చెక్ దగ్గర కంపైల్ ఆగింది కాబట్టి బతికిపోయాను. ఆ చెక్ లేకుంటే, చెట్లు ఎండుతున్నా నేల తడిగానే ఉందని చదివి వాల్వు తెరిచేది కాదు. మే నెలలో చీనీకి నీళ్లు తప్పితే పిందె నిలుస్తుందా?

కడప_ల్యాబ్:
మీకు తోట, నాకు పిల్లలు. ల్యాబ్‌లో అన్నీ 4 జీబీ మెషీన్లు. లిబ్‌క్లాంగ్‌కే వందల ఎంబీలు దిగాలి.

బురుజు_కర్నూలు:
బైనరీ క్యాష్ (ముందే కంపైల్ చేసినవి ఉంచే సర్వర్) ఉంది కదా, కంపైల్ చేయనక్కర్లేదు. పైగా అది బిల్డ్ టైమ్‌లోనే కావాలి.

కడప_ల్యాబ్:
దిగడమే కష్టమంటుంటే కంపైల్ గురించి చెప్తారేంటి? పోయిన వర్క్‌షాప్‌లో సగం మంది ఇన్‌స్టాల్ కాకుండానే ఇంటికెళ్లారు. ఎందుకని ఒక్కరైనా అడిగారా? ర్యాపరో హుక్కో మీరిద్దరూ తేల్చుకోండి. ప్రతి పిల్లాడి మెషీన్‌లో జనరేటర్ నడవాలా అన్నది నా ప్రశ్న.

బురుజు_కర్నూలు:
ఆ ఫైల్ మాత్రం రిపోలోకి రానివ్వను. హెడర్ మారిన రోజు అది పాతబడిందని ఎవరికీ తెలియదు.

చీనీతోట_అనంత:
కడప మేడమ్ అడిగేది న్యాయమే. బైండింగ్‌లనే వేరే ప్యాకేజీ చేసి, అవుట్‌పుట్ మన సొంత క్యాష్‌లో పెడదాం. అది దొరికితే పిల్లల మెషీన్లలోకి లిబ్‌క్లాంగ్ దిగనే దిగదు. 32 బిట్ ఆర్మ్‌కు (మా పైలో ఉన్న ప్రాసెసర్ రకం) అధికారిక క్యాష్‌లో బైనరీలు రావు, అది నేను క్రాస్ కంపైల్ (వేరే రకం మెషీన్ మీద కంపైల్) చేసి ఎక్కిస్తా.

బురుజు_కర్నూలు:
సర్వర్ ఖర్చు ఎవరిది? హెడర్ మారిన ప్రతిసారీ ఎక్కించేదెవరు?

కడప_ల్యాబ్:
జూన్‌లో కొత్త బ్యాచ్ వస్తుంది. అప్పటికి క్యాష్ లేకపోతే ఫోర్క్ (ప్రాజెక్ట్‌కు సొంత కాపీ) చేసుకుని ఫైల్ నేనే పెట్టుకుంటాను.