అప్‌డేట్: బాబు కార్లను వరుసగా పేర్చడం గురించి

మా బాబు 22 నెలలప్పుడు కార్లను నడపకుండా వరుసగా పేరుస్తున్నాడు, తిరగేసి చక్రాలు తిప్పుతూ కూర్చుంటున్నాడు, ఇది ఆటిజమా అని నాలుగు నెలల కిందట ఇక్కడ అడిగాను. జవాబిచ్చిన అందరికీ థాంక్స్. ముఖ్యంగా "ఆగకండి, డెవలప్‌మెంటల్ పీడియాట్రీషియన్‌కి (పిల్లల ఎదుగుదల సమస్యలు చూసే డాక్టరుకి) చూపించండి" అన్నవాళ్లకి.

వినికిడి పరీక్ష నార్మల్. ఎం-చాట్-ఆర్ అనే 20 ప్రశ్నల ఆటిజం స్క్రీనింగ్‌లో స్కోరు ఎక్కువొచ్చింది, అంటే ఆటిజం ఉండే అవకాశం ఎక్కువని. అదొక్కటే నిర్ధారణ కాదని, డాక్టరుగారు రెండుసార్లు వాడితో ఆడుతూ గమనించారు. ఆటిజమే.

నేను భయపడ్డ కార్ల వరుస ఒక్కటే అయితే పెద్ద విషయం కాదట, చాలామంది పిల్లలు అలా పేరుస్తారట. డాక్టరుగారు చూసింది వేరే. బుడగలు ఊది, మధ్యలో ఆపేశారు. వాడు ఆవిడ ముఖంలోకి చూడలేదు. ఆవిడ చెయ్యి పట్టుకుని డబ్బా మీద పెట్టాడు. వేలు పెట్టి మాకు ఏదీ చూపించడు, బొమ్మకి ఉత్తుత్తిగా తినిపించడు. ఇవేవీ నాకు తట్టనే లేదు.

మా పెంపకం వల్ల వచ్చిందేమోనన్న అనుమానం పూర్తిగా తప్పని చెప్పారు. ఆ మాటకి నేను అక్కడే ఏడ్చేశాను.

స్పీచ్ థెరపీతో పాటు ఆటల ద్వారా నేర్పే థెరపీ కూడా నడుస్తోంది. ఇంట్లో వాడి వరుస చెరపకుండా నేనూ ఓ కారు పెట్టి ఆగుతాను. మొన్న నావైపు చూసి, తన కారు నా చేతికిచ్చాడు.