అర్ధాయువు అంటే ఆయువులో సగమా?

రేడియోధార్మిక పదార్థం సగానికి తరగడానికి పట్టే కాలాన్ని ఇంగ్లీషులో హాఫ్ లైఫ్ అంటారు. దానికి 'అర్ధాయువు' అనాలా, 'అర్ధజీవిత కాలం' అనాలా అని నిన్న ఇక్కడ ఒకరు అడిగారు. రెండూ వాడుకలో ఉన్నవేనండీ. రాసేటప్పుడు మాత్రం 'అర్ధ' అనే రాయాలి. అది సగం. 'అర్థ' అని రాస్తే భావమో ధనమో అవుతుంది.

నా చిక్కంతా 'ఆయువు' దగ్గర ఉంది.

ఇంటర్ చదివే మా మేనకోడలిని కార్బన్-14 అనే రేడియోధార్మిక కార్బన్ గురించి అడిగాను. అర్ధాయువు 5,730 ఏళ్లు అని వెంటనే చెప్పింది. మరి మొత్తం ఎప్పటికి అయిపోతుంది అంటే "11,460" అంది. ఆ పిల్లను తప్పు పట్టలేను. జాతకంలో అల్పాయువు, మధ్యాయువు, పూర్ణాయువు అంటాం. నడివయసులో పోయినవాళ్లను అర్ధాయుష్షుతో పోయారంటాం. అలా విని పెరిగినవాళ్లకు, అర్ధాయువు అంటే దానికి రెట్టింపు పూర్ణాయువు ఉందనే తోస్తుంది. నిజానికి 11,460 ఏళ్లకు ఇంకా పావు వంతు మిగిలే ఉంటుంది.

ఇంకో సంగతి. ఆయువు ఒక్కో ప్రాణికి ఉంటుంది, వయసు పెరిగేకొద్దీ తరుగుతుంది. కార్బన్-14 పరమాణువుకు ముసలితనం లేదు. నిన్న పుట్టినదైనా, 20 వేల ఏళ్ల నాటిదైనా, వచ్చే ఏడాదిలో అది విఘటనం చెందే, అంటే వేరే పరమాణువుగా మారిపోయే అవకాశం ఒక్కటే, దాదాపు 8,300లో ఒక వంతు. ఏది ఎప్పుడు పోతుందో ఎవరూ చెప్పలేరు. బతికున్న చెట్టులోని ఒక గ్రాము కార్బన్‌లో ఇలాంటి పరమాణువులు సుమారు 6,000 కోట్లు ఉంటాయి, నిమిషానికి పోయేవి 13, 14 మాత్రమే. గుంపు పెద్దది కాబట్టే సగం తరిగే కాలాన్ని అంత కచ్చితంగా చెప్పగలుగుతున్నాం. అంటే 5,730 అనేది గుంపు లెక్క, ఏ ఒక్క పరమాణువు ఆయుష్షూ కాదు.

అందుకే నేను 'సగం తరిగే కాలం' అంటాను. తరుగు మనకు కొత్త మాట కాదు, బంగారం కొట్లో రోజూ వినేదే. పరీక్షలో పుస్తకంలో ఉన్న అర్ధాయువే రాయమనండి, ఇంట్లో చెప్పేటప్పుడు మాత్రం ఇలా చెప్పి చూడండి.

కింద 'క్షయం' గురించి అడిగినవారికి: డికేకు, అంటే ఈ విఘటనానికి, క్షయం మంచి మాటే అనుకుంటున్నాను. క్షయ అనగానే జబ్బు గుర్తొస్తుందన్నారు, నిజమే. కానీ చంద్రుడి వృద్ధిక్షయాలు కూడా మనవే కదా. కార్బన్-14కూ ఆ రెండూ ఉన్నాయి. పై వాతావరణంలో కాస్మిక్ కిరణాల వల్ల వెలువడిన న్యూట్రాన్ నైట్రోజన్-14ను తాకితే, ఒక ప్రోటాన్ బయటికి పోయి కార్బన్-14 పుడుతుంది. దానిలో 6 ప్రోటాన్లు, 8 న్యూట్రాన్లు. క్షయమయ్యేటప్పుడు ఒక న్యూట్రాన్ ప్రోటాన్‌గా మారి, ఎలక్ట్రాన్‌ను, యాంటీన్యూట్రినోను వదులుతుంది. మిగిలేది మళ్లీ నైట్రోజనే! మాయమైపోవడం కాదు, పుట్టింటికి చేరడం. చెట్టు బతికున్నన్నాళ్లూ గాలిలోంచి కొత్త కార్బన్ వచ్చి చేరుతుంటుంది, చచ్చాక ఇక క్షయమే.

పాత పుస్తకంలో కార్బన్-14 అర్ధాయువు 5,568 అని ఉందన్నవారికి: అది అచ్చుతప్పు కాదు. చచ్చిన చెట్టులాంటి వాటిలో కార్బన్-14 ఎంత మిగిలిందో కొలిచి అవి ఎప్పటివో చెప్పవచ్చు. 1949లో ఈ పద్ధతిలో కాలనిర్ణయం చేసి చూపిన శాస్త్రవేత్త విల్లర్డ్ లిబ్బీ నాటి లెక్క అది. తర్వాతి కొలతల్లో 5,730 అని తేలింది.

పిల్లలకు చెప్పడానికి మన పాత భిన్నాలు చక్కగా పనికొస్తాయి. 5,730 ఏళ్లకు అర, 11,460కి పావు, 17,190కి అరపావు (ఎనిమిదో వంతు), 22,920కి వీసం (పదహారో వంతు). పాలమూరు ప్రాంతంలో ఉట్నూరు బూడిద దిబ్బ ఉంది కదా, నవీన శిలాయుగం నాటిది. అలాంటి చోట నాలుగు వేల ఏళ్ల నాటి బొగ్గు తీసుకుంటే అందులో కార్బన్-14 ఇంకా సగానికి పైనే ఉంటుంది, కొలవడం తేలిక. అదే 45,840 ఏళ్లు దాటితే మిగిలేది వీసంలో వీసం. దాదాపు 50 వేల ఏళ్లకు మించి ఈ పద్ధతి పనిచేయకపోవడానికి కారణం అదే.