పాత బుల్లెట్టుకు కొత్త సీటు, వెనుక క్యారియర్: బిగించినవారి అనుభవాలు చెప్పగలరు

గోదావరి గట్టు:
మా నాన్నగారు వాడిన 1972 నాటి బుల్లెట్ 350 ఇప్పుడు నా దగ్గర ఉంది. స్ప్రింగుల మీద నిలిచే పాత సింగిల్ సీటు రేకు తుప్పు తిని చిల్లులు పడడంతో, ఇద్దరు కూర్చునే పొడవాటి సీటు ఒకటి తెప్పించాను. దాని ముందు కొక్కెం ఫ్రేముకు చక్కగా తగులుకుంది కాని, వెనుక పట్టీల రంధ్రాలు మాత్రం బండి మీది రంధ్రాలకు అర అంగుళం వెనక్కి పోయాయి. మడ్‌గార్డుకే కొత్త రంధ్రాలు వేసేద్దామని మెకానిక్ అంటున్నాడు. నాకు మనసొప్పడం లేదు. రాజమండ్రి నుంచి మారేడుమిల్లి, చింతూరు మీదుగా భద్రాచలం వెళ్లే ఆలోచన ఉంది కనుక సామాను క్యారియర్ కూడా కావాలి. ఈ పని చేసి చూసినవారు దయచేసి చెప్పండి.

ఆటోనగర్ పాతకాపు:
మడ్‌గార్డు జోలికి వెళ్లకండి. పోతే దొరకనిది అదే. సీటు పట్టీ ఎన్నిసార్లైనా చేయించుకోవచ్చు. సీటు పట్టీలోని గుండ్రని రంధ్రాన్ని ఆకురాయితో ముందువైపుకు సాగదీసి పొడవాటి గాడిగా మార్చి, పైన మందమైన పెద్ద వాషర్ వేస్తే అర అంగుళం తేడా సర్దుకుంటుంది. కొక్కెం తగిలించాక వెనుక బోల్టులను చేతితో మాత్రమే తిప్పి వదిలి, ఒకసారి బరువుగా కూర్చుని లేచి, సీటు తన చోటు తాను చూసుకున్న తరువాతే పానా పట్టాలి.

ఇంకొక మాట. మీ బండి వయసును బట్టి చూస్తే చాలా చోట్ల బ్రిటిష్ మరలే ఉంటాయి. 5/16 అంగుళాల బోల్టు మందం 7.94 మి.మీ. కావడం వల్ల, చూపుకు అది 8 మి.మీ. బోల్టులాగే ఉంటుంది. కాని 8 మి.మీ. బోల్టుకు మరల మధ్య దూరం 1.25 మి.మీ. ఉండగా, బ్రిటిష్ సైకిల్ థ్రెడ్‌లో అంగుళానికి 26 మరలుంటాయి, అంటే ఆ దూరం ఒక మి.మీ. కన్నా తక్కువ. కొత్త బోల్టు రెండు చుట్లు హాయిగా తిరిగి, మూడో చుట్టులో బిగుసుకుంటే అక్కడే ఆపేయండి. "తుప్పు పట్టింది, కొంచెం బలం పెట్టు" అన్న సలహా విని నేను ఒక ఫ్రేము మరలన్నీ కొరికేశాను.

ఘాట్ రోడ్డు బాటసారి:
క్యారియర్ విషయంలో నా అనుభవం చెబుతాను. నాలుగు బోల్టులతో నేరుగా మడ్‌గార్డు మీదే బిగించి, సుమారు 20 కిలోల సామానుతో శ్రీశైలం బయలుదేరాను. తిరుగు ప్రయాణంలో బండి దిగి చూస్తే, వెనుక రెండు బోల్టుల చుట్టూ రేకు నెలవంకలా చిట్లి ఉంది. ఆ సింగిల్ సిలిండర్ అదురుకు రేకు ఎంతని ఓర్చుకుంటుంది! తరువాత చేయించిన క్యారియర్ కాళ్లను రెండు వైపులా షాక్ అబ్జార్బర్ల పై బోల్టులకు ఆనించి, బరువంతా ఫ్రేము మీద పడేలా చూశాను. కాలి పట్టీ మందం మేరకు బోల్టు కూడా పొడవైనది వేయాలి, నట్టు దాటి కనీసం రెండు మరలు బయటికి కనిపించాలి. పట్టీ షాక్ తొడుగుకు రాసుకోకుండా మధ్యలో ఇనుప బుష్ పెట్టించండి. బరువైన సంచి ఇరుసుకు ముందువైపే ఉండాలి. బాగా వెనక్కి వేలాడితే ఎత్తు ఎక్కేటప్పుడు హ్యాండిల్ తేలికైపోతుంది.

పాత బండ్ల పిచ్చి:
పై ఇద్దరి మాటలతో ఏకీభవిస్తూనే మరో కోణం చెబుతాను. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లోని 123వ నిబంధన ప్రకారం వెనుక కూర్చునేవారికి చేతిపట్టు, పాదాలకు ఆసరా, వెనుక చక్రంలో కనీసం సగాన్ని కప్పే రక్షణ ఉండాలి. సీటు మార్చే హడావుడిలో చాలామంది పట్టును, చీర గార్డును విప్పి మూలన పడేస్తారు. అదీగాక, 2021లో వచ్చిన నిబంధనలు 50 ఏళ్లు దాటి, అసలు రూపం చెడని బండినే వింటేజ్‌గా గుర్తిస్తాయి. ఆ నమోదు తీసుకుంటే బండిని రోజువారీగా తిప్పడానికి వీలుండదు కనుక అందరికీ అది పనికిరాదు. అయినా పాత సీటు రేకును పారేయకుండా అటక మీద దాచండి.

గోదావరి గట్టు:
అందరికీ కృతజ్ఞతలు. పాతకాపు గారు చెప్పినట్లే పట్టీకి గాడి తీయించాను, సీటు కూర్చుంది. బిగించే ముందు ఎత్తి చూస్తే, టెయిల్ లైట్ వైరు సీటు రేకు అంచు కింద సరిగ్గా నలిగే చోట ఉంది. దానికి రబ్బరు గొట్టం తొడిగి పక్కకు జరిపాను. బోల్టు కొనలు టైరుకు తగులుతాయేమోనన్న అనుమానంతో వాటి మీద చపాతీ పిండి ముద్దలు అంటించి, మా ఆవిడను వెనుక కూర్చోబెట్టుకుని వీధిలోని స్పీడ్ బ్రేకర్లన్నీ దాటాను. ఎడమ ముద్ద చెక్కుచెదరలేదు, కుడి ముద్ద మీద మాత్రం టైరు పువ్వు అచ్చు పడింది. ఆ బోల్టును పావు అంగుళం కోయించాను. చుట్టుపక్కల పిల్లలు ఇప్పటికీ నవ్వుతున్నారు.

క్యారియర్ కాళ్లు షాక్ బోల్టుల దగ్గర బాగానే నిలిచాయి కాని, ఎడమ కాలు చీర గార్డు పై కడ్డీకి అడ్డం వస్తోంది. కడ్డీని వంచడం మేలా, కాలికే వంపు పెట్టించడం మేలా?

ఘాట్ రోడ్డు బాటసారి:
కాలికే పెట్టించండి. వంపు తీసేటప్పుడు బాగా వేడి చేసి తీయమనండి, చల్లగా ఉండగా సుత్తితో వంచితే అక్కడే చిట్లుతుంది.